కదపని నీళ్లు

కాకినాడ దగ్గర సర్కారు ఉప్పుమళ్లలో నీళ్లు కదపడం జ్ఞానమ్మ పని. గాలి ఆడని పొద్దుట మడి అద్దమైపోయేది. రెండు వేళ్ల లోతు నీటిలో ఆకాశం చూసి మోసపోయిన అడవి బాతులు విసురుగా దిగి, అడుగున గట్టినేలకి గుద్దుకుని రొమ్ము విరగ్గొట్టుకునేవి. ఆమె చెక్కపారతో చిన్న అల లేపితే చాలు, నీళ్లెక్కడున్నాయో పోల్చుకుని మెల్లగా వాలేవి. ఏళ్ల తరబడి లేపింది కూడా.

కరువొచ్చిన ఏడు, ఇంట్లో గింజ లేని ఓ పొద్దుట, గుంపు దిగుతుంటే ఆమె పార గట్టున పెట్టి ఊపిరి బిగబట్టింది.

ఆ మధ్యాహ్నం బాతుకూర ముందు భర్త చిట్టియ్య కళ్లు మూసుకుని, “స్తోత్రం ప్రభువా, నువ్వే పంపావు,” అన్నాడు. కళ్లు తెరిచి, “ఆమేన్ అనవేంటే?” అన్నాడు.

“ఆయన పంపలేదండీ,” జ్ఞానమ్మ గొణిగింది. “నేను నీళ్లు కదపలేదు.”