మరుగు ఎవరు కట్టారు?

ఎవరి గురించైనా ‘మరుగున పడ్డారు’ అంటే నాకు ఒళ్ళు మండుతుంది. మరుగు అంటే చాటు, అడ్డు. నిఘంటువులోనూ అదే ఉంది గానీ, నేను ఆ మాట నేర్చుకున్నది ఖరగ్‌పూర్‌లో మా రైల్వే క్వార్టర్ వెనక వరండాలో. అక్కడ తాడు కట్టి, పాత గోనెపట్టా వేలాడదీసి, దాని చాటున అమ్మ మాకు నీళ్ళు పోసేది. “ఆ మరుగు సరిగ్గా లాగే” అని కేకేసేది. మరుగు దానంతట అది పుట్టదు. ఎవరో ఒకరు కట్టాలి. దాని వెనకున్న మనిషి ఎక్కడికీ పోదు, నిక్షేపంగా అక్కడే ఉంటుంది.

పంతొమ్మిదివందల అరవైల చివర్లో నాన్న వర్క్‌షాపు నుంచి రిటైరయ్యారు. క్వార్టర్ ఖాళీ చేసి ఝపటాపూర్‌లో రెండు గదుల అద్దె ఇంటికి మారాం. రిక్షా ఎక్కితే ఎంతో దూరం కాదు. ఆ కాస్త దూరానికే కాలనీ మమ్మల్ని మరిచిపోతుందని అనుకోలేదు.

మా క్వార్టర్ల లైన్లో ఎవరింట పెళ్ళయినా, పసుపు కొట్టేటప్పుడు రోకలి తొలి పోటు అమ్మదే. అందరం శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్ళం, సొంతవాళ్ళు దూరం, ఇరుగుపొరుగులే వదినలూ అప్పలూ. అమ్మకు నగలు లేవు, చదువు లేదు. ఆ తొలి పోటే ఆవిడ గొప్ప.

అలాంటిది, మా పాత క్వార్టర్‌కి ఎదురింట్లో ఉండే, అమ్మ వదినా అని పిలిచే ఆవిడ కూతురి పెళ్ళి సంగతి అమ్మకు గోల్‌బజార్‌లో చేపలు బేరమాడుతుంటే తెలిసింది. “రేపు పసుపు కొట్టడానికి ఒస్తన్నావు కదా అప్పా?” అంది పాత లైన్లో ఒకావిడ. అమ్మ బేరం వదిలేసి వెనక్కి తిరిగింది. ఎవరూ వచ్చి బొట్టు పెట్టి పిలవలేదు మరి.

మా కాలనీలో పిలుపులు క్వార్టర్ల వరసనే సాగేవి. కుంకుమభరిణె పట్టుకుని లైను ఈ చివర మొదలుపెట్టి ఆ చివర దాకా పోతారు, గుమ్మానికో బొట్టు. మా గుమ్మంలోనూ పెట్టారు. మా తర్వాత దిగిన కొత్తావిడకి.

ఇంటికొచ్చి అమ్మ సంచీ విసిరికొట్టింది. నాన్న బీడీ ముట్టిస్తూ, “ఊరుకోయే. రిటైరైనోళ్ళం, మరుగున పడిపోనాం” అన్నారు.

“ఎవులు కట్టినారు మరుగు? కట్టినోళ్ళే ఇప్పాల!”

మర్నాడు పొద్దున్నే జరీ అంచు చీర కట్టింది. పిలవని పేరంటానికి వెళ్తోందని నాకు సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది, అయినా వెంట వెళ్ళాను. పెళ్ళింటి ముంగిట్లో రోలు చుట్టూ ఆడవాళ్ళు మూగి ఉన్నారు. రోకలి కొత్తావిడ చేతిలో ఉంది, తొలి పోటు ఇంకా పడలేదు. అమ్మ గేటు దగ్గరే ఆగిపోయింది. రా రమ్మన్నా కదల్లేదు.

“బొట్టెట్టకుండా నాను అడుగెట్టను. ఆ పెళ్ళికూతురి తల్లిని పిలండి.”

వదిన పరుగున వచ్చింది. “అయ్యో, నీకు బొట్టెట్టలేదేటి వదినా? లైనంతా తిరిగినాం, మీ క్వార్టర్లో కూడా ఎట్టినామే!”

“క్వార్టర్‌కి ఎట్టినావు. నీ పిల్ల పుట్టిన్నాడు పురుడు పోసింది క్వార్టరా, నానా?”

అమ్మ ఆగలేదు. “నీ మొగుడూ రేపు రిటైరవుతాడు. అప్పుడు నిన్నెక్కడ ఎతకాలో ఇప్పుడే సెప్పు వదినా.”

వదిన ముఖం పాలిపోయింది. లోపలికి పోయి భరిణె తెచ్చి, అందరూ చూస్తుండగా గేటు దగ్గరే అమ్మకు బొట్టు పెట్టింది. కుంకుమ కాస్త ముక్కు మీద రాలింది. అమ్మ తుడుచుకోలేదు. నేరుగా రోలు దగ్గరికి నడిచి చెయ్యి చాపింది. కొత్తావిడ రోకలి ఇచ్చేసింది.

అమ్మ వేసిన ఆ పోటు లైను చివరి క్వార్టర్ దాకా వినబడే ఉంటుంది. వినబడాలనే వేసింది.