విఠల్ భుజాల మంట

బాధను చూసి ఫలితాన్ని అంచనా వేసే అలవాటు మీకూ ఉందా? ఉంటే, ఒక మనిషి ఉద్యోగాన్ని నేను ఎలా మంటగలిపానో వినండి. అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. మైకు పట్టుకుని ఊరూరా మూఢనమ్మకాల మీద ఉపన్యాసాలిచ్చేవాణ్ణి; నారాయణఖేడ్‌లో నా అంత హేతువాది లేడని నా నమ్మకం. ఆ నమ్మకానికి ఆధారమేమిటని ఎవరూ అడగలేదు.

కంగ్టి నుంచి వచ్చి నా పక్క గదిలో ఉండే విఠల్ కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుతున్నాడు. పరుగులో వాడికి తిరుగులేదు. ఇనుపగుండు కూడా కాలేజీ మైదానంలో అర్హత గీత దాటించి విసిరేవాడు. వయసు రీత్యా అదే ఆఖరి అవకాశం. అలాంటివాడికి, ఫోనులో నాలుగు వీడియోలు చూసి నేను గురువునయ్యాను.

ఇనుపగుండు పరీక్ష ఉన్న వారమే వాళ్లమ్మ సాయమ్మ, కొడుకు నౌకరి కోసం మండుటెండలో చెప్పుల్లేకుండా బోరంచ అమ్మవారి గుడికి నడిచి వచ్చింది.

“కాళ్లు మండితే నౌకరి ఎట్లొస్తది పెద్దమ్మా? ఆధారమేంది?”

“నాకేమెరుక బిడ్డా. కష్టపడితే తల్లి చూస్తదంటరు.”

ఆ ‘అంటరు’ మీద అరగంట ఉపన్యాసమిచ్చి, నేరుగా జిమ్‌కు పోయి ఆమె కొడుకు చేతిలో డంబెల్ పెట్టాను.

“అన్నా, భుజాలు మండుతున్నయ్.”

“మండాలె. మండితేనే కండ.”

“వందయినయ్.”

“ఇంకో యాభై కొట్టు.”

“ఎల్లుండే పరీక్ష. రేపొక్కరోజు ఆగుదామా?”

“ఇప్పుడాగితే పెరిగిన కండ అలుగుతదిరా.”

పరీక్ష నాటి పొద్దున విఠల్‌కు తల దువ్వుకోవడానికి చెయ్యి లేవలేదు. నేనే దువ్వాను. పాపిడి చక్కగా తీశాను కూడా. ఆ రోజు నేను సరిగ్గా చేసిన పని అదొక్కటే. మూడు అవకాశాల్లోనూ గుండు నిద్రమత్తు కప్పలా కాస్త ముందుకు గెంతి, గీతకు ఇవతలే కూలబడింది.

తర్వాత దవాఖానలో డాక్టరు విఠల్ భుజం నొక్కి చూసి నావైపు తిరిగాడు. “మంటంటే కండ అలిసిపోయిందని. పెరిగిందనుకుంటే ఎట్లా? బరువు మెల్లమెల్లగా పెంచాలె, తినాలె, పండుకోవాలె. ఈయన్ని ఒక్కనాడన్నా పండుకోనిచ్చినవా?”

కానిస్టేబుల్ ఉద్యోగం విఠల్‌కు రాలేదు. ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్ గేటు దగ్గర నిలబడతాడు. యూనిఫాం ఖాకీ రంగే.

వాణ్ణి బస్సెక్కించిన రోజు సాయమ్మ మెల్లగా అంది: “నా కాళ్ల మంటకు ఆధారం అడిగినవ్ బిడ్డా. వాని చేతుల మంటకు నిన్నెవ్వలూ అడగకపోయిరి.”

అందుకే, మైకు పట్టుకుని ఊరేగిన ఈ కుడిచేతిని ముందుకు చాచి ప్రమాణం చేస్తున్నాను: ఇక ఎవరికీ ఇంకొకరితో తల దువ్వించుకునే గతి తీసుకురాను. మీరు మాత్రం, మండితేనే కండ అని ఎవడైనా అంటే, డంబెల్ కింద పెట్టి ఆధారం అడగండి. వాడు హేతువాదైతే రెండుసార్లు అడగండి.