టైరు ఎవరికి?

కొండ సైకిలు టైర్ల గురించి బ్రాన్విన్ ఏమడిగినా, రోటోరువా ఊళ్లో సైకిళ్ల కొట్టతను గార్త్ జవాబు ఆమె మొగుడికే చెబుతాడు. ఏళ్లుగా ఆమె ఊరుకుంది. పోయిన చలికాలం "ఆడవాళ్లకిది చాల్లే" అంటూ అతను అంటగట్టిన నున్నటి టైరు దారిలో తడిసిన చెట్ల వేళ్ల మీద జారి, ఆమె మణికట్టు విరిగింది.

ఈసారి ఆమె టైరు గుబ్బల్ని బొటనవేలితో వంచి చూసి, "బురదలో పట్టుకోడానికి ముందు చక్రానికి మెత్తటిది, గుబ్బలు ఎడంగా ఉన్నది. పొడిదారిలో దొర్లడానికి వెనక చక్రానికి గుబ్బలు దగ్గరదగ్గరగా ఉన్నది," అంది.

గార్త్ ఆమె మొగుడు లీత్ వైపు తిరిగాడు. "ఏమంటావ్ గురూ?"

లీత్ గంభీరంగా గడ్డం గోక్కున్నాడు. "నలుపైతే బాగుంటుంది."

"వాడు ఎక్కేది సోఫా ఒక్కటే గార్త్! పడేది నేను, నాతో మాట్లాడు!"

గార్త్ ఆమె అడిగినవే తీశాడు, తీసి లీత్ చేతికి అందించాడు.

పెళ్లాం వెనక నిలబడే అయ్యలారా, తెలిసినట్టు తలాడించకండి. "తొక్కేది ఆమె, ఆమెనే అడుగు" అని చెప్పండి.