అమ్మ మగ్గం చుట్టూ నా టైల్స్

ఇంటికి టైల్స్ వేయించి, నడుస్తున్న మగ్గాన్ని ఆపేసిన ఘనుణ్ణి నేను. నవ్వదలచినవాళ్లు ఇప్పుడే సర్దుకుని కూర్చోండి.

తెలంగాణ వచ్చిన కొత్తలో సంగతి. నల్గొండ దగ్గర మా పాత ఇంట్లో షాబాదు బండల నేల, ముందుగదిలో గుంట మగ్గం. గుంట అంచున కూర్చుని, కాళ్లు లోపలికి దించి, అడుగునున్న చెక్కలు తొక్కుతూ నేయాలి. అమ్మ దానిమీద మా చెల్లె బిడ్డకు పెళ్లిచీర నేస్తోంది. లగ్గం దగ్గరపడింది.

లెక్కల్లో నాకు గురువు లేడు. అందుకే తప్పని చెప్పేవాడూ లేడు. అమ్మ మా చెల్లె ఇంటికి వెళ్లిన అదను చూసి, బండలు పెకలించకుండా వాటిమీదే టైల్స్ మొదలుపెట్టించాను.

మేస్త్రి అడిగాడు: "అన్నా, నేల రెండించులు లేస్తది. తలుపులు పడ్తయా?"

"తలుపుల్ని అడుగున కోయించిన."

"అబ్బ! నువ్వు ఇంజనీరు కావాల్సినోనివే!"

ఆ మాటకు నా ఛాతీ కూడా రెండించులు లేచింది.

అమ్మ వచ్చింది. "అద్దమోలె ఉంది కొడుకా!" అని మురిసిపోయి మగ్గం దగ్గర కూర్చుంది. ఎంతకీ మగ్గం చప్పుడు లేదు.

"ఓరి, గిటు రా. రెండు దినాలల్ల నా కాళ్లు పొట్టిగయినయా?"

చూద్దును కదా, నీళ్లు లేని కుంటలో బాతు ఈదినట్టు అమ్మ పాదాలు గాలిని తొక్కుతున్నాయి. మోకాళ్లు పైకి లేచి, నేసిన బట్ట చుట్టే కర్రకు కరుచుకున్నాయి. భూమిలో పాతిన మగ్గం ఉన్నచోటే ఉంది. లేచింది అమ్మ ఒక్కతే!

"పీట వెయ్యనా అమ్మా?"

"పీటేస్తే ఇంకా మీదికి పోత గదరా! దూలానికి తగుల్త!"

"పోనీ, తొక్కే చెక్కలకు ఇటుకలు కట్టనా?"

"మరి మోకాళ్లో? తలుపులు కోసినట్టు కోస్తవా?"

ఇంజనీరు కావలసినవాడు సుత్తి పట్టుకున్నాడు. అమ్మ చీర మీద దుప్పటి కప్పి, "మెల్లగ కొట్టు, నీ తెలివి దుమ్ము లేస్తాంది" అంటూ పక్కనే నిలబడింది. ఆమె కూర్చునే మేర టైల్స్ అన్నీ పగిలాక, పాత బండ మీద కూర్చుని చెక్క తొక్కింది. మగ్గం పలికింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

చీర లగ్గానికి అందింది. పందిట్లో అందరూ అంచు పట్టుకుని చూస్తుంటే, నేసింది నేనే అన్నంత గర్వంగా తిరిగాను.

ఇప్పటికీ ఎవరైనా ఆ పగిలిన చోటు చూసి అడిగితే అమ్మ చెబుతుంది: "మా కొడుకు కొలతలల్ల మొనగాడు. అమ్మ కూసునే జాగ ఎంతనో పలగ్గొట్టి మరీ కొలిచిండు."

అందుచేత మగ్గం మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను: ఇకపై ఏ ఇంటి నేల కొలవబోయినా, ముందు ఆ ఇంటి అమ్మను కూర్చోబెట్టి మోకాళ్ల ఎత్తు కొలుస్తాను. ఆమె ఒప్పుకోకపోతే, ఒక చాప పరిచి వచ్చేస్తాను.