మాధవీలత నాలుగు బల్లలు

బందరు కోనేరు సెంటరు పక్క సందులో ఉన్న డీటీపీ షాపు మీదికి పామిడిముక్కల కాంతారావుగారు దూసుకొస్తున్న తీరు చూసి, మెట్ల మీద ఎండుచేపల తట్టతో కూర్చున్న ముత్యాలమ్మ కాళ్ళు వెనక్కి లాక్కుంది. తొక్కుతాడన్న భయం కాదు. తొక్కితే ఆయన్ని తిట్టాలి, తాను తిట్టడం మొదలుపెడితే ఇక ఆ పూట బేరాలుండవు.

ఆయన చేతిలో రెండు పెళ్ళికార్డులున్నాయి. ఒకటి తన కొడుకు లోహిత్ పెళ్ళికి తాము వేయించుకున్నది. రెండోది అదే పెళ్ళికి ఆడపిల్లవారు వేయించుకున్నది. రెండింటి మీదా ఒకే బంగారు నెమలి, తోక కూడా ఒకే వంపు.

"మా నెమలి వాళ్ళ కార్డు మీద ఎట్టా వాలిందమ్మా? మా డిజైను వాళ్ళకి చూపించేశావుగా!"

"లేదు బాబాయిగారూ," అంది షాపు నడిపే మాధవీలత, కీబోర్డు మీంచి చేతులైనా తీయకుండా.

"ఉన్నది ఒక్క కంప్యూటరు. వాళ్ళూ ఇక్కడికే వచ్చారు, మేమూ ఇక్కడికే వచ్చాం. చూపించకపోతే కల్లోకొచ్చిందా?"

"మొన్న మీరు ప్రూఫు దిద్దడానికి ఈ కుర్చీలోనే గంటసేపు కూర్చున్నారు. మీ వియ్యంకుడుగారు అప్పుడే లేచి వెళ్ళారు, కుర్చీ ఇంకా వెచ్చగా ఉందని మీరే అన్నారు. వాళ్ళ కార్డులో ఒక్క అక్షరమైనా మీ కంటపడిందా?"

"పడితే ఆ రోజే అడిగేవాణ్ణిగా!"

"మరి మీది వాళ్ళ కంట ఎలా పడుతుంది?" మాధవీలత అక్కడితో వదల్లేదు. "ప్రూఫు ఫోటో మీకు వాట్సాప్‌లో పంపాను. మీరేం చేశారు?"

"మా ఆవిడకి పంపాను."

"సరోజిని పిన్నిగారేం చేశారు?"

కాంతారావుగారు ఫోను తీసి వెతికారు. సరోజినిగారు దాన్ని పెళ్ళి గ్రూపులో పెట్టారు. ఆ గ్రూపులో అటువైపువాళ్ళు పదకొండుమంది ఉన్నారు. ఫోటో కింద పెళ్ళికూతురి మేనత్త పెట్టిన దణ్ణం బొమ్మ కూడా ఉంది.

"ఎండలు మండిపోతున్నాయమ్మా," అని ఆయన చల్లగా మెట్లు దిగిపోయారు. అది మార్గశిర మాసం.

ఆయన వీధి మలుపు తిరిగేదాకా ఆగి, ముత్యాలమ్మ లోపలికి తల పెట్టింది. "ఎక్కడ దాచావే వాళ్ళది?"

"రండి పిన్నిగారూ, చూపిస్తాను."

మాధవీలత ఒక వేలు ఆల్ట్ మీద, ఇంకో వేలు అంకె మీద వేసింది. ఒకటి నొక్కితే మగపెళ్ళివారి కార్డు. రెండు నొక్కితే ఆడపెళ్ళివారిది. మూడు నొక్కితే ఆధార్ కాయితాలు, పాసుపుస్తకాల అర్జీలు. ఒకటి కనబడుతుంటే మిగతావి ఉన్న ఆనవాలైనా లేదు. తెర ఒకటే అయినా దాని వెనక నాలుగు బల్లలు వేసుకున్నట్టుంది.

"కంప్యూటరు ముసలిది పిన్నిగారూ, పెద్ద సాఫ్ట్‌వేరు ఎక్కిస్తే ఆయాసపడుతుంది. గుడివాడ నవ్యశ్రీ అని, ప్రాజెక్టు రిపోర్టు ప్రింటుకొచ్చిన పిల్ల, పెన్‌డ్రైవులో ఈ బుల్లి ప్రోగ్రాముని తెచ్చి వేసింది. ఒక ఫోటో అంత బరువు కూడా ఉండదు. నేను ఏ బల్ల దగ్గరున్నానో ఆ అంకె చూపిస్తూ మూల కూర్చుంటుంది, అంతే."

ముత్యాలమ్మకి ముచ్చటేసింది గానీ, పైకి ఒప్పుకునే మనిషా! "ఈ మాత్రానికేనా? నా తట్టలో పైన నెత్తళ్ళు, గోనెపట్టా కింద వంజరం, దానికింద వాడుక ఇళ్ళకి దాచిన రొయ్యపప్పు. నలభై ఏళ్ళుగా నేను చేసేదీ ఇదేగా, కరెంటు లేకుండా! సరే, నాలుగోదేంటి?"

"అది నాది," అని మాధవీలత నొక్కింది.

రెండో తరగతి చదువుతో ముత్యాలమ్మ ఒక్కో అక్షరమే కూడబలుక్కుంది. అదీ పెళ్ళికార్డే. పెళ్ళికూతురు మాధవీలత, పెళ్ళికొడుకు చంద్రశేఖర్.

ఈ చంద్రశేఖర్ గూడూరు నుంచి షాపులో బ్యాటరీ చూడటానికి వస్తాడు. నిక్షేపంలాంటి బ్యాటరీకి నెలకు మూడుసార్లు వైద్యమేమిటా అని ముత్యాలమ్మకి ఏడాదిగా అనుమానమే. మాధవీలతకి ఇరవైతొమ్మిదో ఏట భర్త పోయాడు. గుడివాడలో అన్న నాగేంద్రబాబు ఇంట్లో రెండేళ్ళు వండి వార్చి, టైపు పరీక్ష పాసైన కాయితం ఒక్కటి పట్టుకుని బందరు బస్సెక్కింది. పదమూడేళ్ళలో సగం ఊరి పెళ్ళికార్డులు ఆమె చేతిమీదుగానే వెళ్ళాయి.

"అంతా టైపు కొట్టేశాను పిన్నిగారూ. 'ఆహ్వానించువారు' అన్నచోటే నెల్రోజులుగా ఆగిపోయాను. మా అన్నయ్య తప్ప పెద్దవాళ్ళెవరూ లేరు, ఆయన ఒప్పుకోడు. పిలిచేవాళ్ళ పేరు లేని కార్డు నేనే ఇంతవరకూ ఎవరికీ వేయలేదు. ఇక నాదెలా వేసుకోను?"

నాలుగు రోజులకి నాగేంద్రబాబు చెవిన ఏదో పడింది. మాధవీలత కాయితాలు కొనడానికి పక్కవీధికి వెళ్ళిన వేళ చూసి వచ్చి, ఆమె కుర్చీలో కూలబడ్డాడు.

"ఏమ్మా, మా చెల్లెలు ఇందులో ఏం రాస్తోంది?"

"నాకేం తెలుసు బాబూ, నేను చదువుకున్నదాన్నా! మీరు చూసి నాకూ చెప్పండి," అంది ముత్యాలమ్మ.

ఆయన మౌసుని బల్లంతా తోమాడు. ఎటు తోమినా లోహిత్ కార్డే. మూశాడు, తెరిచాడు, మళ్ళీ నెమలే. "ఇంకాస్త కిందకి చూడండి బాబూ, ఉంటే అక్కడే ఉంటుంది," అని ఎగదోసి, ముత్యాలమ్మ నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది.

ఇంతలో మాధవీలత వచ్చింది. ఊరుకుంటే చాలు, ఆయన సాయంత్రందాకా వెతికినా ఏమీ దొరకదు. ఆమె మాత్రం అన్న భుజం మీదుగా చెయ్యి చాపి ఆల్ట్, నాలుగు నొక్కింది.

"వెతుక్కోవడమెందుకన్నయ్యా? చదువుకో."

ఆయన చదివాడు. చెవులు ఎర్రబడ్డాయి. అడుగుదాకా వచ్చి ఆగి, నవ్వాడు. "ఇక్కడ ఖాళీ వదిలావేం? నా పేరు కోసమా? ఛస్తే వేయనివ్వను. పెద్దదిక్కు పేరు లేని కార్డు పట్టుకుని ఎవరి గడప తొక్కుతావో నేనూ చూస్తా!"

ఆయన వెళ్ళాక మాధవీలత ఏడుస్తుందనుకుంది ముత్యాలమ్మ. ఏడిస్తే తిట్టడానికి మాటలు కూడా ఏరిపెట్టుకుంది. ఆ పిల్ల ఏడవలేదు. టకటకా ఏదో కొట్టి, తెరని మెట్లవైపు తిప్పింది.

ఆహ్వానించువారు: కొండయ్య, ముత్యాలమ్మ దంపతులు, గిలకలదిండి.

ముత్యాలమ్మ దాన్ని రెండుసార్లు చదివింది. మూడోసారి కళ్ళు మసకేసి అక్షరాలు కుదర్లేదు. అందుకని గొంతు పెంచింది.

"నా మొగుడి పేరు ముందెందుకే? ఆయన వలల దగ్గర కూర్చుని బీడీలు కాలుస్తుంటే, మెట్ల మీద నీకు కాపలా కాసింది నేను!"

"మారుస్తాను పిన్నిగారూ." వెంటనే మార్చింది కూడా. "ఎల్లుండికి కార్డులొస్తాయి. మొదటిది మీరే పట్టుకుని గుడివాడ బస్సెక్కాలి. మా వదినకి బొట్టు పెట్టి, మా అన్నయ్య చేతికి కార్డిచ్చి, 'మా అమ్మాయి పెళ్ళి బాబూ, తప్పకుండా రావాలి' అని పిలిచి రావాలి."