ఉప్పు రోడ్డెక్కిన రివియెరా

అరవై రెండేళ్లు దాటేదాకా ఇమోజీన్ ప్రూయిట్ స్టీరింగ్ పట్టుకుని ఎరగదు. అమెరికాలో ఫ్లింట్ అనే ఊళ్లో, అందరూ కార్లు చేసి బతికే చోట, ఇది పైకి చెప్పుకోవడానికి కాస్త సిగ్గనిపించే సంగతే. రిటైరయ్యేదాకా బడి వంటింట్లో ఉద్యోగం. బస్సులో వెళ్లేది, బస్సులో వచ్చేది. ఇంట్లో కారు లేక కాదు. ఉన్న కారు అలాంటిది మరి.

అది మెరూన్ రంగు బ్యూయిక్ రివియెరా. పంతొమ్మిదివందల ఎనభై అయిదులో ఆమె భర్త లవెల్ కొత్తగా కొన్నాడు. పొడవాటి ముక్కు, రెండే తలుపులు, కూర్చుంటే ఒళ్లు కూరుకుపోయే మఖమల్ సీట్లు. లవెల్ కార్ల ఫ్యాక్టరీలో రంగు వేసే చోట పనిచేసేవాడు. తను అద్దంలా మెరిపించి పంపిన బండ్లు నాలుగు శీతాకాలాలు తిరిగేసరికి, మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పుకి అడుగంతా తుప్పుపట్టిపోయేవి. అది చూసి చూసి ఆయనకో పంతం పుట్టింది. ఈ ఒక్కదానికైనా ఉప్పు తగలకూడదు. నవంబరు వస్తే రివియెరా గ్యారేజీలో ముసుగు తన్నేది. వేసవిలో ఎండ కాసిన ఆదివారాలు చర్చికి బయల్దేరేది. ఎక్కేముందు బూట్లు దులుపుకోవాలి, లోపల చాక్లెట్టు కూడా తినకూడదు.

"నాకూ నేర్పరాదూ?" అని ఇమోజీన్ ఒకసారి అడిగింది.

"నేనుండగా నీకెందుకే ఆ తంటా!" అని నవ్వేశాడు లవెల్.

ఒక ఏప్రిల్ నెలలో గుండె ఆగి ఆయన పోయాడు. తంటా ఆమెకే మిగిలింది.

లవెల్ తమ్ముడు రోస్కో వచ్చి గ్యారేజీ తలుపు తీసి, కారు చుట్టూ తిరిగి నిట్టూర్చాడు.

"వదినా, దీన్నెవరైనా పాత కార్లు దాచుకునేవాళ్లకి ఇచ్చేద్దాం. పువ్వులా చూసుకుంటారు. నడపడం రాని నీకు ఇదెందుకు చెప్పు?"

"నేర్చుకుంటాను."

"నువ్వా? దాని బానెట్టే నీ వంటింటంత ఉంది! దాని అవతల ఏముందో కూడా నీకు కనబడదు."

"దిండేసుకుని కూర్చుంటాలే," అంది ఇమోజీన్. ఆ మాట అనేదాకా ఆమెకే తెలియదు, తను నేర్చుకోబోతున్నట్టు.

నేర్పింది పక్కింటి ఆర్డెల్లా. జీవితమంతా బడి బస్సు నడిపి రిటైరైన మనిషి, గొంతూ బస్సంతే. చర్చి వెనక ఖాళీ జాగాలో పాఠాలు మొదలయ్యాయి.

"బ్రేకు మీద అంత కోపమెందుకే తల్లీ? అదేమన్నా మీ ఆడపడుచా? మెల్లిగా తొక్కు!"

"మెల్లిగానే తొక్కానే!"

"నా కట్టుడు పళ్లనడుగు, ఎంత మెల్లిగానో చెబుతాయి."

మొదటి పరీక్షలో ఇమోజీన్ తప్పింది. పార్కింగు చేయబోయి గుర్తుగా పెట్టిన డబ్బాని తన్నేసింది. ఇంటికొచ్చి ఏడ్చి, మొహం కడుక్కుని, మర్నాడు మళ్లీ చర్చి వెనక్కి వెళ్లింది. రెండోసారి నెగ్గింది.

చర్చిలో ఈ కబురు తెలియగానే ముసలమ్మలు ఒక్కొక్కరే దగ్గరికి చేరారు. ఒకరికి కళ్ల డాక్టరు, ఒకరికి కూరగాయల మార్కెట్టు. అందరిలోకి పెద్దావిడ హాటీ. మూత్రపిండాలు పాడై, వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి వెళ్లాలి. ఆవిడని తీసుకెళ్లే మేనల్లుడు వేరే ఊరికి పనికి పోయాడు. రెండు తలుపుల కారులో వెనక సీట్లోకి ఒక ముసలమ్మని ఎక్కించాలంటే ఒకరు ముందునుంచి లాగాలి, ఒకరు వెనకనుంచి నెట్టాలి. ఆ నవ్వులు వీధి చివరిదాకా వినిపించేవి.

అక్టోబరులో హాటీ ఊతంగా పట్టుకుని నడిచే వాకర్ జారి తలుపుకి గీసుకుంది. జానెడు గీత, మెరూన్ రంగు చీల్చుకుని లోపలి తెలుపు బయటపడింది. ఇన్నేళ్లలో ఆ కారు ఒంటిమీద పడ్డ మొదటి గాయం. ఇమోజీన్ అక్కడే నిలబడిపోయింది. తన చేతిలో పడి లవెల్‌కే దెబ్బ తగిలినట్టయింది.

"ఇమోజీన్, నన్ను తిట్టవే. తిట్టకుండా అలా నిలబడకు, భయంగా ఉంది," అంది హాటీ. ఆవిడ రెండు చేతులా ఆ గీతని తుడుస్తోంది.

ఇమోజీన్ ఆ చేతుల వంక చూసింది. సూదులు గుచ్చి గుచ్చి ఉబ్బిపోయిన నరాలు. తర్వాత గీత వంక చూసింది.

"మనందరి ఒంటిమీదా ఉన్నాయి గీతలు. తనకొక్కదానికే లేకపోతే మనలో కలవలేననుకుంది కాబోలు ఈ కారు. ఎక్కు, ఆలస్యమవుతోంది."

పైకి అలా అంది గానీ, ఇంటికొచ్చాక ఆ తలుపు దగ్గర చాలాసేపు కూర్చుంది. అసలు బెంగ గీత కాదు. నవంబరు వచ్చేస్తోంది. ముసుగు కప్పితే హాటీ ఎలా వెళుతుంది? కప్పకపోతే, లవెల్ ఇన్నేళ్లూ కాపాడిన దాన్ని ఉప్పు పాలు చేసేది తనే అవుతుంది.

మొదటి మంచు కురిసిన పొద్దున ఆర్డెల్లా వచ్చేసరికి గ్యారేజీ తలుపు తీసే ఉంది. ఇంజను నడుస్తోంది.

"తీస్తున్నావా?"

"తీస్తున్నా. పక్కన కూర్చో, నాకు చచ్చేంత భయంగా ఉంది."

"ముందు చక్రాలు లాగే బండే ఇది, మంచులో మన మాట వింటుంది. బ్రేకుని మాత్రం మర్యాదగా పలకరించు."

రివియెరా జీవితంలో మొదటిసారి ఉప్పు రోడ్డెక్కింది. చక్రాల కింద ఉప్పు కరకరలాడుతుంటే ఇమోజీన్ పళ్లు బిగించి నడిపింది. హాటీని వేళకే దించింది.

ఆ శనివారం రోస్కో ఊడిపడ్డాడు. వాకిట్లో కారు అంచుల్నిండా తెల్లగా ఉప్పు చారలు.

"అన్నయ్య చూస్తే ఏమైపోయేవాడు వదినా!"

"ఆయన గుండె చెరువయ్యేది. నాకు తెలియదా?" అంది ఇమోజీన్. "కానీ రోస్కో, ఆయన చేసిన బండ్లన్నీ జనాన్ని మోసే అరిగిపోయాయి. ఇది కారే కదయ్యా. హాటీ బస్‌స్టాపులో గడ్డకట్టుకుపోతుంటే దీన్ని దుప్పటి కింద దాచుకుని నేనేం సుఖపడను?"

రోస్కో కోటు విప్పి వరండా కటకటాల మీద పడేశాడు. లోపలికెళ్లి రెండు బకెట్ల వేణ్ణీళ్లు పట్టుకొచ్చి, ఆ చలిలో కారు పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"అడుగున కడగాలి వదినా, పైన కాదు. తుప్పు మొదలయ్యేది అడుగునే. వారంవారం కడిగితే చాలా ఏళ్లు ఆపొచ్చు."

"వారంవారం ఎవరు కడుగుతారు?"

"నాకు శనివారాలు పనేముంది గనక! మధ్యాహ్నం భోజనం మాత్రం నీదే."

ఇమోజీన్ ఇంకో రెండు బకెట్లకు నీళ్లు కాయడానికి పొయ్యి వెలిగించి, పక్క పొయ్యి మీద బీన్సూ పంది మాంసమూ పడేసింది. వాకిట్లోంచి రోస్కో ఈల వినబడుతోంది. ఇంతలో ఫోన్ మోగింది. హాటీ.

"సోమవారం ఓ గంట ముందే రావే. దారిలో జుట్టు చేయించుకోవాలి. అంత పెద్ద కారులోంచి ఇలా దిగితే ఏం బావుంటుంది?"