మొగుణ్ణి తూచే ఇల్లాలు

ఎలుకలావిడ తను పనిచేసే చోట ఎలుకలకిచ్చే మందులు దొంగతనంగా తెచ్చి మొగుడికి పెడుతోందనీ, అవి పనిచేస్తున్నాయో లేదో చూడడానికే ఆదివారం ఆదివారం అతన్ని కిరాణా కొట్టు కాటా ఎక్కిస్తోందనీ వీధంతా గుప్పుమంది. కాటా ఎక్కించడం నిజమే. మిగతాదంతా కుళాయి దగ్గర పుట్టి పెరిగిన కథ.

క్షయ మీద పరిశోధన జరిగేచోట చిట్టెలుకల బోనులు కడిగి, మేత పెట్టి, వాటిని తూచడం ఆమె పని. తల నుంచి కాలి దాకా తొడుగులు వేసుకుంటే తప్ప లోపలికి రానివ్వరు. అక్కడ ఎలుకలకు జబ్బు అంటించి, మందులిచ్చి నయం చేస్తారు. ఎంత వెతికినా క్రిమి జాడ దొరకదు. కొన్నింటికి మందంతా అయ్యాక, కొన్నింటికి మధ్యలోనే ఆపేసి, ఏమవుతుందా అని కనిపెట్టుకుని ఉంటారు. కొన్ని హాయిగా తిరుగుతాయి. కొన్నింటికి నెలలు గడిచాక తిరగబెడుతుంది. బరువు తగ్గుతుంది, వెంట్రుకలు రేగుతాయి, నడుం వంగుతుంది. ఆ క్రిములు అన్నాళ్ళూ ఎక్కడ నక్కాయో తేల్చడానికే అంత పెద్ద చదువుల వాళ్ళూ తలలు బద్దలుకొట్టుకుంటున్నారు.

ఆమె భర్త దర్జీ. పోయినేడు అతనికీ క్షయ వచ్చింది. మందులతో దగ్గు పోయింది, ఆకలి పుట్టింది, మనిషి తేరుకున్నాడు. ఇంకెందుకులే అనిపించి, కడుపులో తిప్పే ఆ చివరి నెల మాత్రలను గుండీల డబ్బా అడుగున పడేశాడు. పెళ్ళాం అడిగితే అన్నీ మింగానన్నాడు.

ఆమె సరేనని తలూపింది. ఆ వారమే కాటా మొదలైంది.

కొట్టువాడు ఊరుకుంటాడా? "ఏం బావా, ఈ వారం బస్తా నిండిందా?" అని ఆటపట్టించేవాడు. దర్జీ సిగ్గుతో కుంచించుకుపోతూ ఎక్కేవాడు. ఆమె మాత్రం ముల్లు ఆగేదాకా కళ్ళప్పగించి చూసి, ఇంటిదారి పట్టేది.

మొన్న ఆదివారం ముల్లు అంతకుముందు వారం కంటే కాస్త వెనకే ఆగింది. కొట్టువాడు బస్తా మాట మరిచి, చక్కెర పొట్లాలు కట్టుకోసాగాడు. ఇంటికొచ్చి మిషను ముందు కూర్చున్న దర్జీకి ఎంతసేపటికీ సూదిలో దారం ఎక్కలేదు.

"నిజం చెప్పు. నాకు తిరగబెడుతుందా?" అని అడిగేశాడు చివరికి. "రోజూ వాటిని చూసేదానివి, నీకు తెలియదా?"

"ఏ ఎలుక మందంతా తిందో, దేనికి మధ్యలో ఆపారో అక్కడ నాకు చెప్పరు," అంది ఆమె. "చెబితే తూచేటప్పుడు నా చూపు అటే మొగ్గుతుందట. ఇంట్లో మీరూ చెప్పరు. మరి తూచక నన్నేం చెయ్యమంటారు?"